106వ కుర్రాడి సంగతేమిటి?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌ను నడుపుతున్న పెద్దలకు ఒక తండ్రి బహిరంగ లేఖ

ఫ్రిస్కో, టెక్సస్

అమెరికా యూనివర్సిటీల ప్రెసిడెంట్లకు, అథ్లెటిక్ డైరెక్టర్లకు, కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆడే లీగ్) కమిషనర్లకు, ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల జాతీయ సంస్థ), కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ పెద్దలకు,

విషయం: ఫుట్‌బాల్ రోస్టర్లు (టీమ్‌లో ఉండే ఆటగాళ్ళ జాబితాలు) కట్టే తీరు వల్ల మామూలు కుర్రాళ్ళకు, కుటుంబాలకు జరుగుతున్న నష్టం.

నమస్కారం.

నేను ఇరవై రెండేళ్ళుగా డాలస్ పక్కన ఉంటున్న తెలుగువాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అబ్బాయి చదువుతున్న యూనివర్సిటీ అథ్లెటిక్ ఆఫీసుకి ఈ సంగతులన్నీ ఇంగ్లీషులో మూడుసార్లు రాశాను. మొదటిసారి "మీ మెయిల్ అందింది" అని మెషిన్ పంపిన జవాబొచ్చింది. రెండోసారి కాన్ఫరెన్స్‌ని అడగమన్నారు. కాన్ఫరెన్స్ వాళ్ళని అడిగితే అది యూనివర్సిటీ నిర్ణయమన్నారు. మూడోసారి ఉలుకూ పలుకూ లేదు. ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది ఒక్క ఊరి గొడవగా మిగిలిపోతుంది.

తెలుగులో ఎందుకంటారా? ఇంగ్లీషు కాపీ మీకు ఎలాగూ విడిగా పంపుతున్నాను. ఇది మావాళ్ళ కోసం. ఇక్కడ సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా శనివారం ఎవరింట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నా మగాళ్ళు సగం మంది ఫోన్లో స్కోర్లు చూసుకుంటూనే ఉంటారు. ఆ ఆట వెనక లెక్కలు మాత్రం మాకెవరికీ పెద్దగా తెలియవు. నాకూ మావాడి వల్లే తెలిశాయి.

మావాడు లాంగ్ స్నాపర్. ఫుట్‌బాల్ బాగా చూసేవాళ్ళలో కూడా చాలామందికి ఈ పొజిషన్ ఒకటుందని గుర్తుండదు. పంట్ (బంతిని కాలితో దూరంగా తన్నడం) కొట్టే ముందు నడుం వంచి, రెండు కాళ్ళ మధ్య నుంచి బంతిని పదిహేను గజాల వెనక నిలబడ్డ పంటర్ చేతుల్లోకి విసరాలి. ముప్పావు సెకనులో అది చేరాలి. సరిగ్గా విసిరితే ఎవరూ ఏమీ అనరు. ఒక్కసారి తప్పితే టీవీలో పదిసార్లు చూపిస్తారు. హైస్కూల్ రోజుల్లో సాయంత్రాలు మా గరాజ్ ముందు వాడు విసిరేవాడు, నేను పట్టుకునేవాణ్ణి. మొదటి వారమే నా చిటికెన వేలు వాచింది. తర్వాత హైదరాబాద్ వెళ్ళినప్పుడు క్రికెట్ కీపింగ్ గ్లవ్స్ కొని తెచ్చుకున్నాను. ఎడమ గ్లవ్ అరచెయ్యి దగ్గర రబ్బరు మొత్తం లేచిపోయి ఇప్పుడు లోపలి గుడ్డ కనిపిస్తుంది. మా ఆవిడది స్టాప్‌వాచ్ డ్యూటీ. "పాయింట్ ఎయిట్" అని ఆవిడ అన్నదంటే ఆ రాత్రి వాడు సరిగ్గా అన్నం తినేవాడు కాదు.

2023లో వాక్-ఆన్‌గా చేరాడు. అంటే స్కాలర్‌షిప్ లేదు, ట్యూషన్ మేమే కట్టాం, అయినా పొద్దున్నే ఐదున్నరకి వెయిట్ రూమ్‌లో ఉండాల్సిందే. రెండు సీజన్లలో వాడికి అసలు మ్యాచ్‌లో దొరికినవి నాలుగు స్నాప్‌లు, అంటే అలా బంతి విసిరే అవకాశాలు. నాలుగూ సరిగ్గానే పడ్డాయి. 2025 ఏప్రిల్‌లో ఆఫీసుకి పిలిచి, రోస్టర్‌ని 105కి తగ్గించాలి, నీకు చోటు లేదు అని చెప్పారు. మాట్లాడింది ఏడు నిమిషాలట. నేను కారేసుకుని వెళ్ళేసరికి పార్కింగ్ లాట్‌లో నల్ల చెత్త సంచి పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అందులో క్లీట్స్, రెండు టీషర్టులు. వాళ్ళ లాకర్ రూమ్‌లో స్కాలర్‌షిప్ కుర్రాళ్ళ పేర్లు మెటల్ ప్లేట్ మీద ఉంటాయి, వాక్-ఆన్‌ల పేర్లు తెల్ల టేపు మీద మార్కర్‌తో రాస్తారు. ఆ టేపు ముక్క పీక్కుని ఆ సంచికి అంటించుకున్నాడు. ఏమన్నార్రా అంటే, "నంబర్ అంతే నాన్నా" అన్నాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆటగాళ్ళకి డబ్బులివ్వడం తప్పని రాయడం లేదు. మా కమ్యూనిటీలో చాలామంది "చదువుకోవడానికొచ్చిన పిల్లలకి జీతాలేంటి" అంటారు, నేను ఒప్పుకోను. లక్షమంది పట్టే స్టేడియాలు నిండుతున్నాయి, టీవీ వాళ్ళు వందల కోట్ల డాలర్లు కుమ్మరిస్తున్నారు, కోచ్‌లకి ఏడాదికి కోటి డాలర్లు దాటుతున్నాయి. మోకాలు విరగ్గొట్టుకునేవాడికి మాత్రం ట్యూషన్ ఫీజు, భోజనం చాలన్నారు దశాబ్దాల తరబడి. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద ఎన్‌సీఏఏని తప్పుపట్టారంటే ఊరికే కాదు. ఆ జూలై 1 నుంచి తన పేరు, బొమ్మ మీద ఆటగాడు సంపాదించుకోవచ్చన్నారు. అంతకు ముందే, 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకున్న ఆటగాళ్ళ పేర్లు పెట్టే జాబితా) పెట్టారు. 2021లో ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్నారు. 2024కి ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. 2025 జూన్ 6న, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో రాజీని, అంటే హౌస్ సెటిల్‌మెంట్‌ని జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. పాత ఆటగాళ్ళకి పదేళ్ళలో సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం, ఇక ముందు ఒప్పుకున్న ప్రతి యూనివర్సిటీ నేరుగా ఆటగాళ్ళకి డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాది 2025-26లో 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా.

అన్నీ న్యాయమైనవే. కానీ ప్రతి మలుపులోనూ మీరు కోర్టు మెడపట్టి గెంటితేనే కదిలారు. కదిలాక కూడా పూర్తి లెక్క ఒప్పుకోలేదు. జీతం ఇస్తారు, ఉద్యోగి అనరు. టీమ్‌ని ఏటా కొత్తగా కొంటారు, బేరం బయటపెట్టరు. ఈ నాన్చుడు ఖర్చు టీమ్‌లో స్టార్ అయిన క్వార్టర్‌బ్యాక్ మీద పడటం లేదు. ఎవరి మీద పడుతోందో కింద వరసగా రాస్తున్నాను.

1. 105 అనే అంకె. ఇంతకు ముందు 85 స్కాలర్‌షిప్‌లు అనే పరిమితి ఉండేది, టీమ్ ఎంత పెద్దదైనా ఉండొచ్చు. నూట ఇరవై, నూట ముప్పై మంది ఉన్న టీమ్‌లు మామూలే. ఇప్పుడు స్కాలర్‌షిప్‌ల పరిమితి తీసేసి మనుషులకి పరిమితి పెట్టారు. స్కాలర్‌షిప్‌లు పెరుగుతాయి కదా అన్నారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, డబ్బేమీ అడగకుండా ఆడేవాళ్ళంతా ఊడిపోయారు. వాళ్ళు క్లబ్బు మీద భారం కాదు, ఫీజు కట్టి మరీ ప్రాక్టీసులో రేపటి ప్రత్యర్థి వేషం వేసేవాళ్ళు. వీళ్ళని కూరలో కరివేపాకు అనుకున్నవాళ్ళకి ఒక సంగతి గుర్తుచేస్తాను. 2017లో కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన బేకర్ మేఫీల్డ్ రెండు కాలేజీల్లో వాక్-ఆన్. జార్జియాకి వరసగా రెండు ఛాంపియన్‌షిప్‌లు తెచ్చిన స్టెట్సన్ బెనెట్ వాక్-ఆన్. తర్వాత ప్రొఫెషనల్ స్టార్ అయిన జె.జె. వాట్ విస్కాన్సిన్‌లో వాక్-ఆన్. మావాడు అంతటివాడని చెప్పడం లేదు. అంతటివాడు ఎవరో చేరిన రోజున మీకెవరికీ తెలియదని చెబుతున్నాను.

జడ్జి విల్కెన్ ఈ పరిమితి సంగతి పట్టించుకున్నారు. ఏప్రిల్‌లో సెటిల్‌మెంట్‌ని ఆపింది ఆవిడే, ఈ పిల్లల గతి తేల్చమని. అప్పుడు మీ లాయర్లు ఒక మార్గం చెప్పారు: 105 కోసం తీసేసినవాళ్ళ పేర్లు ఒక లిస్టులో పెడతాం, వాళ్ళని ఏ యూనివర్సిటీ తీసుకున్నా లెక్కలోకి రారు అని. బాగుంది. మావాడి పేరు ఆ లిస్టులో ఉంది. కానీ లిస్టులో ఉన్నవాణ్ణి తీసుకు తీరాలని ఎక్కడా లేదు, తీసుకోవచ్చు అని ఉంది. "వచ్చు" అన్న మాట పట్టుకుని మావాడు పదకొండు కాలేజీలకి రాశాడు. ఇద్దరు కోచ్‌లు జవాబిచ్చారు. ఇద్దరూ మర్యాదగానే వద్దన్నారు. అప్పటికి అందరి స్నాపర్లూ కుదిరిపోయారు మరి.

2. తువ్వాలు కింద బేరాలు. మా తాతగారితో చిన్నప్పుడు పశువుల సంతకి వెళ్ళేవాణ్ణి. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్ళు నొక్కుకుంటూ రేటు మాట్లాడుకునేవారు. పక్కనున్నవాడికి అంకె తెలియదు. మనుషుల్ని పశువులతో పోల్చినందుకు ఆటగాళ్ళు నన్ను క్షమించాలి, కానీ ఈ మధ్య రోస్టర్ బేరాలు చూస్తే నాకు ఆ తువ్వాలే గుర్తొస్తోంది. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎవడి జీతం ఎంతో అందరికీ తెలుసు. కాలేజీలో 600 డాలర్లు దాటిన బయటి కంపెనీల డీల్ మీ క్లియరింగ్‌హౌస్‌కి (డీల్స్ తనిఖీ చేసే ఆఫీసు) చూపించాలి, జనానికి మాత్రం కనిపించదు. యూనివర్సిటీ నేరుగా ఇచ్చేది ఎవరికెంతో అంతకన్నా కనిపించదు. చూపించకపోవడం వల్ల పెద్దవాళ్ళకి పోయేదేమీ లేదు. నష్టపోయేది పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, కాంట్రాక్టు ఎప్పుడూ చదవని వాళ్ళమ్మ.

క్వార్టర్‌బ్యాక్ జేడెన్ రషాడా కేసు చూడండి. తనకి 1 కోటి 38 లక్షల 50 వేల డాలర్ల డీల్ ఆశ చూపి ఫ్లోరిడాకి రప్పించుకున్నారని, డబ్బు రాలేదని 2024లో కోర్టుకెళ్ళాడు. అవతలివాళ్ళు కాదన్నారు. యూఎన్‌ఎల్‌వీ (లాస్ వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా అదే ఏడాది సెప్టెంబర్‌లో, టీమ్ మూడుకి మూడు గెలిచాక, నోటిమాటగా ఒప్పుకున్న లక్ష డాలర్లు ఇవ్వలేదంటూ సీజన్ మధ్యలో వెళ్ళిపోయాడు. అలాంటి ఒప్పందమే లేదని రెండోవైపు. ఎవరిది నిజమో నాకు తెలియదు. కాగితం ఉంటే అందరికీ తెలిసేది. టీమ్‌లో మిగిలినవాళ్ళ సంగతి? సోమవారం ప్రాక్టీసుకొచ్చి చూస్తే క్వార్టర్‌బ్యాక్ లేడు.

2025 ఏప్రిల్‌లో క్వార్టర్‌బ్యాక్ నీకో యమాలియావా టెనసీతో బేరం చెడి యూసీఎల్‌ఏకి వెళ్ళాడు. ఆ వార్త ప్రపంచమంతా చూసింది. యూసీఎల్‌ఏలో అప్పటికే ఉన్న క్వార్టర్‌బ్యాక్ జోయీ అగ్విలార్ గురించి ఎవరూ పెద్దగా అనుకోలేదు. అపలాచియన్ స్టేట్ నుంచి అతను అక్కడికొచ్చి నాలుగు నెలలే అయింది. సామాన్లు మళ్ళీ సర్దుకుని టెనసీకి వెళ్ళాడు. అదృష్టం బాగుండి అక్కడ బాగా ఆడాడు. సర్దుకునే చోటు దొరకనివాళ్ళ పేర్లు మనకి తెలియవు.

ఏజెంట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏజెంట్ యూనియన్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, కాంట్రాక్టులో 3 శాతానికి మించి తీసుకోకూడదు. కాలేజీలో దేశమంతటికీ వర్తించే అలాంటి గీత ఒక్కటీ లేదు. మామయ్య స్నేహితుడు కూడా ఏజెంటే.

3. హైస్కూల్ పిల్లలు. మా ఫ్రిస్కోలో హైస్కూల్ మ్యాచ్‌లు డాలస్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే ఫోర్డ్ సెంటర్‌లో జరుగుతాయి, 12 వేల సీట్లు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ఏమిటో దాన్నిబట్టి అర్థం చేసుకోండి. ఒకప్పుడు కోచ్ పదిహేడేళ్ళ కుర్రాణ్ణి చూసి, వీడు మూడేళ్ళకి తయారవుతాడు అని తీసుకునేవాడు. ఇప్పుడు ఆ మూడేళ్ళ ఓపిక ఎవరికీ లేదు. ఇరవై రెండేళ్ళ వయసొచ్చి, రెండు సీజన్లు ఆడి, ఒళ్ళు గట్టిపడ్డవాడు పోర్టల్‌లో రెడీగా దొరుకుతుంటే కొత్తవాణ్ణి పెంచడం ఎందుకు? 2023లో డియాన్ శాండర్స్ కొలరాడోకి కోచ్‌గా వచ్చి పాత టీమ్‌ని దాదాపు మొత్తం మార్చేశాడు. 2025లో కోచ్ బిల్ బెలిచిక్ నార్త్ కరోలినాకి సుమారు 70 మంది కొత్తవాళ్ళని తెచ్చాడు. (చిత్రమేమిటంటే ఇద్దరికీ తమ మొదటి ఏడాది ఒకటే ఫలితం: నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు.)

ఈ పద్ధతికి రెండో ముఖం కూడా ఉంది, దాచను. నూరేళ్ళకి పైగా ఓడిపోవడమే అలవాటైన ఇండియానా, కర్ట్ సిగ్నెట్టి కోచ్‌గా వచ్చాక, క్యాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) నుంచి ఫెర్నాండో మెండోజా లాంటివాళ్ళని తెచ్చుకుని 16 మ్యాచ్‌లూ గెలిచి 2026 జనవరిలో ఛాంపియన్ అయింది. ఆ రాత్రి నేనూ మావాడూ సోఫాలో కూర్చుని కేకలేశాం. పోర్టల్ లేకపోతే ఆ కథ లేదు. పోర్టల్ తీసేయమని నేను అడగడం లేదు. కానీ పక్క వీధిలో ఉన్న కుర్రాడు, డిస్ట్రిక్ట్ ఉత్తమ జట్టుకి ఎంపికైన లైన్‌బ్యాకర్, మంచి మార్కులు, వాడికి ఒక్క డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) ఆఫర్ రాలేదు. ఐదేళ్ళ కిందటైతే మూడు నాలుగు వచ్చేవని వాళ్ళ కోచే చెప్పాడు.

4. చదువు. 2026లో ఫుట్‌బాల్ పోర్టల్ జనవరి 2న తెరిచి 16న మూశారు. ఏప్రిల్ విండో తీసేశారు, అది మంచి పనే. కానీ ఆ పదిహేను రోజుల్లో ఒక కుర్రాడు కొత్త ఊరు చూడాలి, కోచ్‌లతో మాట్లాడాలి, డబ్బు లెక్క చూసుకోవాలి, తన క్రెడిట్లు అక్కడ చెల్లుతాయో లేదో కనుక్కోవాలి. చాలా కాలేజీల్లో అప్పటికే క్లాసులు మొదలవుతాయి. ఇంజనీరింగ్ చదివేవాడికి ఆరు క్రెడిట్లు పోతే ఒక సెమిస్టర్ పోయినట్టే. నాలుగేళ్ళలో మూడు కాలేజీలు మారినవాడి చేతికి చివర్లో ఏ డిగ్రీ వస్తుంది? మా ఇంట్లో ఈ ప్రశ్న అడక్కుండా వాణ్ణి మైదానంలోకి పంపేవాళ్ళం కాదు. మా ఆవిడైతే రోజూ అడిగేది. ఈ ఆటగాళ్ళలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళేది చాలా కొద్దిమంది. మిగతావాళ్ళకి ఆ డిగ్రీయే దిక్కు.

5. మిగతా ఆటలు. హౌస్ కేసుకి ఆ పేరు గ్రాంట్ హౌస్ వల్ల వచ్చింది. ఆయన అరిజోనా స్టేట్‌లో ఈతగాడు. సెటిల్‌మెంట్ ఖరారు కాకముందే, 2025 మార్చిలో, కాలిఫోర్నియాలోని క్యాల్ పాలీ యూనివర్సిటీ తన స్విమ్మింగ్, డైవింగ్ టీమ్‌లని మూసేసింది. చెప్పిన కారణాల్లో ఆ సెటిల్‌మెంట్ భారం కూడా ఉంది. ఈతగాడి పేరు మీద నడిచిన కేసు, ఈతగాళ్ళ కొలను ఖాళీ చేసింది. అదే నెలలో పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్, ఈ పందెంలో మేము ఉండలేమని డివిజన్ 1 నుంచి డివిజన్ 3కి వెళ్ళిపోతున్నట్టు ప్రకటించింది. పెద్ద యూనివర్సిటీలు చాలావరకు పంచే డబ్బులో మూడొంతులు ఫుట్‌బాల్‌కి, ఓ 15 శాతం మగవాళ్ళ బాస్కెట్‌బాల్‌కి, 5 శాతం ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్‌కి, మిగిలిన 5 శాతం మొత్తం అన్ని ఆటలకీ అనే లెక్కన నడుస్తున్నాయి. మా తెలుగు ఇళ్ళల్లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. టెన్నిస్, స్విమ్మింగ్, గోల్ఫ్‌లో అలా కాదు. ఆరో ఏట నుంచి ఆ పిల్లల్ని శని, ఆదివారాలు కార్లలో తిప్పుతున్న తల్లిదండ్రులు ఇక్కడ వందల మంది. ఇది వాళ్ళ గొడవ కూడా. ఇంకా తెలియలేదు, అంతే.

6. బిల్లు ఎవరు కడుతున్నారు? టెనసీ 2025 సీజన్ టికెట్ల మీద 10 శాతం "టాలెంట్ ఫీ" వేసింది. కనీసం పేరు పెట్టి అడిగారు, అది నయం. చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో అథ్లెటిక్స్ ఫీజు ట్యూషన్ బిల్లులో ఎక్కడో కలిసిపోయి ఉంటుంది. గుంటూరు నుంచో వరంగల్ నుంచో బ్యాంకు లోన్ మీద మాస్టర్స్‌కి వచ్చిన అమ్మాయి, స్టేడియం గేటు ఎటుందో తెలియని అమ్మాయి కూడా అలాంటి చోట అది కడుతుంది. మరో పక్క 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం కోచ్ జింబో ఫిషర్‌ని పంపించేస్తూ 7 కోట్ల 50 లక్షల డాలర్లకి పైగా ఇవ్వాల్సొచ్చింది. 2025 అక్టోబర్‌లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) తన కోచ్ బ్రయాన్ కెల్లీని తీసేసినప్పుడు బకాయి 5 కోట్ల డాలర్లకి పైన తేలింది. పనిచేయొద్దని చెప్పడానికి ఇచ్చిన డబ్బు అది. మా ఆఫీసులో నన్ను తీసేస్తే రెండు నెలల జీతం ఇస్తారేమో. కోచ్‌కి ఇంత పకడ్బందీ కాంట్రాక్టు రాయడం వచ్చిన లాయర్లకి, ఆటగాడి కాంట్రాక్టు రాయడం రాదంటే నేను నమ్మను.

7. ఎఫ్-1 (విద్యార్థి) వీసా ఆటగాళ్ళు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పంటర్ టీమ్‌లో అందరితో సమానంగా ఆడతాడు. చెక్కు తీసుకుంటే వీసాకే ఎసరొస్తుందేమోనని పక్కవాడితో సమానంగా తీసుకోలేడు. వీసా భయం ఎలా ఉంటుందో మావాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

ఇంతా చెప్పి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. నేను అడుగుతున్నవి ఇవి:

ఒకటి, 105 మందికి పైన కనీసం పదిహేను మంది డబ్బు తీసుకోని వాక్-ఆన్‌లని ఉంచుకోనివ్వండి. వాళ్ళ వల్ల మీరు పంచే డబ్బు లెక్కలో ఒక్క డాలరూ మారదు. లిస్టులో ఉన్న పిల్లల విషయంలో, తీసేసిన యూనివర్సిటీయే తిరిగి అవకాశం ఇచ్చి తీరాలని రాయండి. వీలుంటే ఇవ్వొచ్చు అని రాయకండి.

రెండు, ఆటగాళ్ళందరికీ దేశమంతటా ఒకటే నమూనా కాంట్రాక్టు. కనీసం రెండేళ్ళు. ఎంత, ఎప్పుడు, దెబ్బ తగిలితే ఏమవుతుంది, మధ్యలో వెళ్ళిపోతే ఎంత వెనక్కివ్వాలి, మధ్యలో మీరు తీసేస్తే ఎంత ఇవ్వాలి, అన్నీ అందులో ఉండాలి. సంతకానికి ముందు ఏడు రోజుల గడువు, సొంత లాయర్‌కి చూపించుకునే హక్కు. ఇలాంటి కాంట్రాక్టు నిలబడాలంటే ఆటగాళ్ళతో కూర్చుని బేరమాడాలి, అంటే వాళ్ళకొక సంఘం ఉండాలి. ఆ మాటంటే మీకు టెన్షన్ అని తెలుసు. ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానులు అలాగే బతుకుతున్నారు, వాళ్ళకేం లోటు రాలేదు.

మూడు, ఏజెంట్లకి రిజిస్ట్రేషన్, ఫీజుకి పరిమితి.

నాలుగు, ఎవరికి ఎంత ఇస్తున్నారో పేర్లు లేకుండానైనా పొజిషన్ల వారీగా ఏటా ప్రకటించండి. పబ్లిక్ యూనివర్సిటీ డబ్బు పబ్లిక్‌కి తెలియాలి.

ఐదు, రెండేళ్ళు టీమ్‌లో ఉన్న ఎవరినైనా రోస్టర్ కోసం తీసేస్తే, వాక్-ఆన్ అయినా సరే, డిగ్రీ అయ్యేదాకా అకడమిక్ అడ్వైజింగ్, ట్యూటరింగ్, దెబ్బలకి వైద్యం కొనసాగించండి. మావాడికి ఎడమ భుజంలో నొప్పి ఇంకా ఉంది. మే నెల నుంచి ఫిజియోథెరపీ బిల్లు నా ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది.

ఆరు, విద్యార్థుల బిల్లులో అథ్లెటిక్స్ ఫీజుని విడిగా ఒక లైనులో చూపించండి. ఫుట్‌బాల్ జీతాల కోసం వేరే ఆట టీమ్‌ని మూసేయాలంటే ఏడాది ముందు నోటీసు ఇచ్చి, ఆ పిల్లల తల్లిదండ్రుల ఎదురుగా కూర్చుని లెక్కలు చూపించండి. ఈమెయిల్‌లో కాదు.

ఏడు, ఎఫ్-1 ఆటగాళ్ళ సంగతి వాషింగ్టన్‌తో మాట్లాడండి. మీ లాబీయిస్టులు అక్కడ ఎలాగూ ఉన్నారు. మీకు కోర్టుల నుంచి రక్షణ కావాలని కాంగ్రెస్‌ని అడుగుతున్న కాగితంలోనే ఈ ఒక్క పేరా కూడా కలపండి.

ఇది చదువుతున్న తెలుగు తల్లిదండ్రులకి ఒక మనవి. మీ పిల్లల ఈ సెమిస్టర్ ఫీజు బిల్లు తీసి చూడండి. అథ్లెటిక్స్ అన్న మాట కనిపించకపోతే బర్సార్ (ఫీజులు చూసే) ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. మీ పిల్లలు వాక్-ఆన్‌లుగా ఏ ఆట ఆడుతున్నా, కోచ్ నోటిమాటగా చెప్పింది ఆ రోజే ఈమెయిల్‌లో రాసి పంపి, అవునని జవాబు తెచ్చుకోండి. మేము అది చేయలేదు.

మావాడు ఇప్పుడు సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. అదే యూనివర్సిటీ, అదే ఊరు. శనివారాలు స్టేడియం వైపు వెళ్ళడు. కానీ మొన్న సెలవులకి ఇంటికొచ్చినప్పుడు గరాజ్‌లో ఏదో వెతుకుతూ ఆ గ్లవ్స్ తీసి నా చేతిలో పెట్టాడు, "ఒక పది వేస్తా" అని. ఇరవై ఆరు వేశాడు. మా ఆవిడ స్టాప్‌వాచ్ తెచ్చింది. ఆఖరిది పాయింట్ సెవెన్ టూ.

వాడికింకా ఆడే అర్హత మిగిలి ఉంది. ఆగస్టు క్యాంపులు మొదలయ్యేలోపు ఈ ఉత్తరానికి మనిషి రాసిన జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఒక లాంగ్ స్నాపర్ తండ్రి